తడి రేగడిలో మొక్కజొన్న: ప్లాంటరు వెనక చక్రాలు సర్దుకోవడం ఎలా?

కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిలో, దున్నకుండా మొక్కజొన్న వేసే రైతుకు డిసెంబరంతా ఒకటే ఆలోచన. కోత మిషను దిగి వెళ్లిన మడిలో తడి ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆరనిద్దామంటే నల్లరేగడి ఉన్నట్టుండి బిగుసుకుని నెర్రెలు విచ్చుతుంది. ఆగకుండా విత్తితే సాలు మూతపడదు. ఒకప్పుడు ఈ మాగాణుల్లో వరి తర్వాత మినుమే. పల్లాకు తెగులూ బంగారుతీగా కలిసి మినుమును దెబ్బతీశాయి, కాలువ నీళ్లు ఆలస్యమై వరి కోతలు వెనక్కి జరిగాయి. దాంతో తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో దున్నకుండా వేసే మొక్కజొన్న పాతుకుపోయింది. తాడు పట్టి, గుంట పొడిచి, గింజ వేసే పనికి కూలీలు దొరకడం కష్టమయ్యాక ట్రాక్టరు ప్లాంటర్లు వచ్చాయి.

ప్లాంటరు పదునున్న నేలలో బాగా పనిచేస్తుంది. తడి నేలలో మాత్రం మన చెయ్యి పడాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలాంటి ఏడాదిలో, పక్కా పదును కోసం కూర్చుంటే విత్తే కాలమే దాటిపోతుంది. కాస్త తడి ఎక్కువగా ఉన్నా దిగక తప్పని రోజులు అవి. అలాంటప్పుడు ప్లాంటరు వెనకాల వాలుగా ఉండే రెండు చిన్న చక్రాలను ఎలా సర్దుకోవాలో, మొదటిసారి ప్లాంటరు కొన్నవాళ్లకీ అద్దెకు పిలిచినవాళ్లకీ అర్థమయ్యేలా చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా ఒక మాట. సాలు మూసుకోకపోతే ‘స్ప్రింగు బిగించు’ అని పొలంలో ప్రతి ఒక్కరూ అంటారు. తడి రేగడిలో అది తప్పుడు సలహా.

ఆ చక్రాలు చేసే పని

ప్లాంటరులో ప్రతి వరసకూ ముందు రెండు డిస్కులు ఉంటాయి. అవి నేలను కోసి వి ఆకారంలో గాడి తీస్తాయి. పక్కనుండే లోతు చక్రాలు గాడి ఎంత దిగాలో నిర్ణయిస్తాయి. గింజ గొట్టంలోంచి గాడి అడుగుకు పడుతుంది. అన్నిటికంటే వెనక, కింద దగ్గరగా పైన దూరంగా వాలిన రెండు చక్రాలు వస్తాయి. వీటినే క్లోజింగ్ వీల్స్ అంటారు. గొర్రు రోజుల్లో ఈ పని గుంటకది.

మట్టి కప్పడం ఒక్కటే వాటి పని అనుకుంటాం. అసలు పని గాడి రెండు గోడలనూ కింది నుంచి పైకి కలపడం, గింజ చుట్టూ గాలి లేకుండా మట్టిని అంటించడం. గింజ తన బరువులో మూడో వంతు దాకా నీరు పీలిస్తేనే మొలకెత్తుతుంది. ఆ నీరు అంటుకున్న మట్టి నుంచే రావాలి. ఒక పక్క మట్టీ ఒక పక్క గాలీ ఉన్న గింజ రెండు మూడు రోజులు వెనకబడుతుంది. మొక్కజొన్నలో వెనకబడిన మొక్క మళ్లీ అందుకోలేదు. పక్క మొక్కల నీడలో బక్కగా పెరిగి చిన్న కండె పెడుతుంది, లేదా కండే పెట్టదు.

తడి రేగడిలో డిస్కు దూసుకుపోయినప్పుడు, కుమ్మరి చెయ్యి తగిలిన కుండలా గాడి గోడలు నున్నబడి మెరుస్తాయి. లోతు చక్రాలు పైనుంచి గట్టిగా నొక్కితే ఆ గోడలు ఇంకా బిగుస్తాయి. వెనక చక్రాల ఒత్తిడి కూడా పెంచితే గాడి పైభాగం మాత్రం మూసుకుని లోపల సందు మిగిలిపోతుంది. నాలుగు ఎండలు కాయగానే అతుకు వేసిన చోటే సాలు పొడుగునా చీలుతుంది. గింజలు బయటికి కనబడతాయి, ఎలుకలూ పక్షులూ పని కానిస్తాయి. మొలిచిన మొక్కల వేళ్లు కూడా బిగిసిన గోడల్లోకి దూరలేక సాలు వెంబడే ముందుకీ వెనక్కీ పరుచుకుంటాయి. పైకి పచ్చగానే ఉన్న చేను తడి తగ్గిన వారానికే వాడుముఖం పడుతుంది. రైతు ఎరువు లోపం అనుకుంటాడు.

అందుకే తడిలో సూత్రం ఇది: నొక్కడం తగ్గించాలి, గోడలు విరగ్గొట్టడం పెంచాలి.

మొదటి పని: నేలను అడగండి

పైమట్టి ఆరినట్టు కనిపించి మోసం చేస్తుంది. విత్తే లోతు నుంచి, అంటే రెండు అంగుళాల కింది నుంచి, గుప్పెడు మట్టి తీయండి. ముద్ద చేసి బొటనవేలితో చూపుడువేలి మీదుగా ఒత్తుతూ పట్టీలా సాగదీయండి. నిగనిగలాడుతూ నాలుగైదు అంగుళాల దాకా తెగకుండా సాగిందంటే ఆ రోజు ట్రాక్టరు గట్టు మీదే ఉండాలి. అంతకన్నా ముందే తెగి, తెగిన అంచు గరుకుగా ఉంటే దిగొచ్చు. ముద్దను నడుము ఎత్తు నుంచి నేలమీద వదిలి చూడండి. చదునుగా అతుక్కుంటే తడి ఎక్కువ, రెండు మూడు ముక్కలైతే పని జరుగుతుంది.

ఒక్కచోట చూస్తే చాలదు. మడి పల్లపు మూలలో, కోత మిషను తిరిగిన జాడల్లో, మధ్యలో విడివిడిగా చూడండి. మిషను టైర్లు దిగబడిన గాళ్లలో నేల రెండు రోజులు ఆలస్యంగా ఆరుతుంది. ఆ ఒక్క పాయ కోసం మొత్తం మడి ఆపాలా వద్దా అన్నది మీ లెక్క. పల్లపు మూలను వదిలేసి తర్వాత చేత్తో గింజ పెట్టుకోవడమే చవక అని నా అభిప్రాయం.

ఇంకొకటి, డిసెంబరు పొద్దుటి మంచు. గడ్డీ దుబ్బులూ తడిసి మెత్తబడి ఉన్నప్పుడు డిస్కులు వాటిని కోయలేవు, మడిచి గాడిలోకి తోస్తాయి. గింజ మట్టి మీద కాక గడ్డి మీద కూర్చుంటుంది. వెనక చక్రాలు ఎంత సర్దినా ఆ తప్పు పోదు. కోత మిషను వదిలిన గడ్డి వరసలను ముందే తీసేయండి, లేదా పలచగా చిమ్మండి. పది గంటలకు ఎండ తగిలాక మొదలుపెట్టండి.

షెడ్డు దగ్గర చూసుకోవాల్సినవి

పొలంలో బురద చేతులతో పానా పట్టడం కన్నా, ముందు రోజు సాయంత్రం సిమెంటు నేల మీద ఈ పని చేయడం తేలిక. ఇంజను ఆపేయండి, పీటీఓ తీసేయండి. ప్లాంటరును హైడ్రాలిక్ మీద వేలాడదీసి కింద చేతులు పెట్టొద్దు, దిమ్మలు పెట్టండి.

డిస్కులతో మొదలుపెట్టండి. రెండు డిస్కులూ ముందువైపు కింద ఒకదాన్నొకటి తాకుతూ ఉండాలి. రెండు వైపుల నుంచీ చెరొక విజిటింగు కార్డు దూర్చి, అవి ఆగిన చోటు నుంచి చోటుకు కొలవండి. సుమారు రెండు అంగుళాల మేర తాకుతుంటే బాగున్నట్టు. అసలు తాకకపోతే గాడి అడుగున ఒక గట్టు మిగులుతుంది. అక్కడ గింజ ఒక పక్కకు జారుతుంది, మూసే చక్రాలకు అందదు. అరిగిన డిస్కులు మార్చకుండా వెనక చక్రాలతో కుస్తీ పట్టడం దండగ.

ఆ తర్వాత వెనక చక్రాలు. ఒక్కొక్కదాన్ని పట్టుకుని పక్కకు ఊపండి. బేరింగు వదులైతే చక్రం తన దారిన తాను పోతుంది. అది మోస్తున్న చేతిని కూడా పక్కకు ఊపి చూడండి. అక్కడి బుషింగు అరిగితే ఏ సర్దుబాటూ నిలవదు. రబ్బరు పగిలి ముక్కలు ఊడిన చక్రాలుంటే అది మార్చే ఏడాది.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్షకు ఖర్చు లేదు. ప్లాంటరును సిమెంటు నేల మీద మెల్లగా దించి ట్రాక్టరును రెండు మూడు అడుగులు ముందుకు జరపండి. డిస్కులు నేలమీద ఒక గీత గీస్తాయి. ఆ గీత ప్రతి వరసలోనూ రెండు వెనక చక్రాలకు సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక పక్కకు వాలితే ఒక చక్రం గాడి మీదే నడుస్తుంది, రెండోది ఊరికే పక్క నేలను తొక్కుతుంది. చాలా ప్లాంటర్లలో వెనక చేయి బిగించిన చోట వాలు సర్దే బోల్టు ఉంటుంది. వదులు చేసి, మధ్యకు తెచ్చి, బిగించండి. కొన్ని యంత్రాల్లో వాషర్లు అటూ ఇటూ మార్చాలి. ఒక వరస సరిగ్గా ఉందని మిగతావి చూడకుండా వదలొద్దు, ప్రతి వరసకూ దాని వంకర దానికే ఉంటుంది.

రెండు చక్రాల కింది అంచుల మధ్య దూరం టేపుతో కొలవండి. సాధారణంగా రెండు అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. గింజ తక్కువ లోతులో వేస్తుంటే కాస్త దగ్గరగా, లోతుగా వేస్తుంటే కాస్త దూరంగా. మరీ దగ్గరైతే చక్రాలు గింజ నెత్తినే తొక్కి పైన పొర కట్టిస్తాయి.

పొలంలో: ముందు టాప్ లింకు, ఆ తర్వాతే స్ప్రింగు

ప్లాంటరును నేలకు దించి పది పదిహేను మీటర్లు నడిపి ఆపండి. పక్కకు వెళ్లి, ప్లాంటరు అడ్డ దూలం నేలకు సమంగా ఉందా లేదా చూడండి. ముక్కు కిందికి వంగి తోక పైకి లేచి ఉంటే వెనక చక్రాలకు బరువే అందదు. అప్పుడు సాలు మూసుకోకపోవడం స్ప్రింగు తప్పు కాదు. టాప్ లింకును కొద్దిగా పొడవు చేస్తే తోక దిగుతుంది, పొట్టి చేస్తే లేస్తుంది. సమంగా, లేదంటే అతి కొద్దిగా తోక వంగి ఉండేలా పెట్టండి. విత్తేటప్పుడు హైడ్రాలిక్ లివరు పూర్తిగా కిందికి వదలాలి. ప్లాంటరును సగం మోస్తూ నడిపే డ్రైవర్లు చాలామంది ఉన్నారు. తడి నేలలో దిగబడుతుందన్న భయంతో అలా చేస్తారు. దానివల్ల ఒక్కో వరసకు ఒక్కో లోతు వస్తుంది.

తర్వాత లోతు. మొక్కజొన్న గింజ 4 నుంచి 5 సెంటీమీటర్ల లోతున పడాలి. తడి ఎక్కువగా ఉందని అంతకన్నా పైకి తేవద్దు. పైన వచ్చే వేళ్లు బలంగా నాటుకోవు, కండె బరువుకు మొక్క ఒరుగుతుంది.

వరసలను నేలకు నొక్కే పెద్ద స్ప్రింగుల సంగతి ఇప్పుడు. ఎండు నేలలో డిస్కులు దిగడానికి వీటిని బిగిస్తాం. తడిలో అదే బిగింపు లోతు చక్రాల ద్వారా గాడి గోడలను అణగదొక్కుతుంది. ఒక మెట్టు తగ్గించండి. పరీక్ష ఇది: ప్లాంటరు నేలమీద ఉండగా లోతు చక్రాన్ని చేత్తో తిప్పండి. కాస్త బిర్రుగా, జారుతూ తిరగాలి. అస్సలు కదలకపోతే బరువు ఎక్కువ. గాలిలో తిరిగినట్టు తిరిగితే తక్కువ, గింజ పైపైనే పడుతుంది.

ఇవన్నీ కుదిరాకే వెనక చక్రాల స్ప్రింగు లివరు. సాధారణంగా దానికి నాలుగైదు గాట్లు ఉంటాయి. తడి రేగడిలో అన్నిటికన్నా తక్కువ గాటుతో మొదలుపెట్టండి. ఇరవై ముప్పై మీటర్లు విత్తి, తవ్వి చూసి, అవసరమైతేనే ఒక్క గాటు పెంచండి. ఒకేసారి రెండు గాట్లు వద్దు. రెండు మార్పులు కలిపి కూడా వద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

తవ్వి చూడటం

ఈ పని చేసేవాళ్లు తక్కువ. పైనుంచి కాలితో తోసి, గింజ కనబడిందిగా అని వెళ్లిపోతారు. అలా చూస్తే గింజ లోతు తెలుస్తుంది, గాడి సంగతి తెలియదు.

బొరిగె తీసుకోండి. సాలుకు అరడుగు పక్కన, సాలుకు అడ్డంగా ఒక చిన్న గుంట తవ్వండి. గుంట గోడను చాకుతో మెల్లగా చెక్కుతూ సాలు దాకా రండి. గాడి అడ్డకోత మీ ముందు నిలబడుతుంది. గింజ ఉన్నచోట పైనా కిందా పక్కలా మట్టి అంటుకుని ఉండాలి. గాడి గోడ ఎక్కడ ఉందో కనిపెట్టలేనంతగా కలిసిపోతే సర్దుబాటు కుదిరినట్టు. గింజ పైన సన్నని నల్లటి సందు కనబడితే, చాకు మొనను అందులో దూర్చండి. సులువుగా దిగితే గాడి పైన మాత్రమే మూసుకుంది, లోపల తెరిచే ఉంది. గోడలు మెరుస్తూ నున్నగా ఉంటే వెనక చక్రాలను వదిలేసి, ముందు స్ప్రింగులు ఇంకొంచెం తగ్గించండి. సాలు మీద మట్టి పలకలా బిగిసి, వేలితో నొక్కితే దిగకపోతే వెనక ఒత్తిడి ఎక్కువైంది. అలా బిగిసిన పొర కింద మొలక పైకి రాలేక నేలలోనే ఆకు విప్పుకుంటుంది, అక్కడే చస్తుంది.

ప్రతి వరసలోనూ కనీసం ఒకచోట తవ్వండి. ట్రాక్టరు టైర్ల వెనక వచ్చే వరసలను రెండుచోట్ల చూడండి. అక్కడ నేల ముందే అణిగి ఉంటుంది కాబట్టి ఆ రెండు వరసల లివర్లు మిగతావాటికి ఒక గాటు తేడాతో ఉండవచ్చు. అన్నీ ఒకే గాటులో ఉండాలన్న నియమం లేదు.

అప్పటికీ మూసుకోకపోతే

కొన్ని ప్లాంటర్లలో రెండు వెనక చక్రాలను ఒకదానికన్నా ఒకటి కాస్త ముందుకు బిగించే రంధ్రాలు ఉంటాయి. తడిలో అలా బిగిస్తే రెండింటి మధ్య మట్టీ గడ్డీ ఇరుక్కోకుండా జారిపోతుంది. చక్రాలకు మట్టి గీకే రేకులు లేకపోతే పెట్టించండి, ఉంటే చక్రానికి తాకీ తాకనట్టు సర్దండి.

ఇక పళ్ల చక్రం. నున్నని రబ్బరు చక్రం నొక్కుతుంది, పళ్లున్న ఇనుప చక్రం గోడను గుచ్చి విరగ్గొట్టి గుల్ల మట్టిని గింజ మీదికి తోస్తుంది. దున్నని తడి రేగడికి ఇదే అసలు మందు. అయితే కొత్తగా చేస్తున్నవాళ్లు రెండు పక్కలా పళ్ల చక్రాలు వేయకుండా, ఒక పక్క పళ్లది, ఇంకో పక్క రబ్బరుది వేసుకోవడం మేలు. ఒకటి విరగ్గొడుతుంది, ఇంకొకటి అదుముతుంది. రెండూ పళ్లవే వేస్తే తడి బాగా ఉన్నన్నాళ్లూ బాగుంటుంది. నేల ఆరాక మట్టిని మరీ గుల్ల చేసి గింజ దగ్గరి తడిని ఆరబెడతాయి. మెత్తని దుక్కిలో అయితే గింజను కూడా పైకి లేపేస్తాయి. అలాంటి చోట వెనక చిన్న గొలుసు కట్టి ఈడిస్తే మట్టి సమమవుతుంది. పళ్ల చక్రం కొనేటప్పుడు మీ పాత చక్రాన్ని విప్పి దుకాణానికి తీసుకెళ్లండి. బేరింగు కొలత, వ్యాసం సరిపోవాలి. వెల్డింగు షాపులో పాత చక్రానికి కమ్మీ ముక్కలు అతికించడం కన్నా మూడు రోజులు ఆగడం నయం.

మీ ప్లాంటరుకు వి చక్రాలే లేక ఒకే వెడల్పు చక్రమో, ఉత్త గొలుసో ఉంటే తడి నేలకు అది సరైన యంత్రం కాదు. వెడల్పు చక్రం గాడి నెత్తిన మూత పెడుతుంది తప్ప గోడలను కలపలేదు. దానితోనే చేయాల్సి వస్తే పదును పరీక్షలో ఇంకాస్త కచ్చితంగా ఉండండి.

వేగం సంగతి కూడా. గంటకు నాలుగైదు కిలోమీటర్లు దాటొద్దు. వేగం పెరిగితే వెనక చక్రాలు ఎగురుతూ ఒకచోట మూస్తాయి, ఇంకోచోట వదిలేస్తాయి. పది నిమిషాలకోసారి ఆగి చక్రాలు చూడండి. మట్టి చుట్టుకుని చక్రం రెండింతలు లావైందా, గీకినా మళ్లీ చుట్టుకుంటోందా, సర్దుబాటు పని అయిపోయింది. ఆపేయడమే మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం ఎండ తగిలాక సాళ్ల వెంట ఒకసారి నడవండి. ఎక్కడైనా సాలు విచ్చుకుంటే, గింజ ఉబ్బేలోపు మడమతో పక్కనుంచి మట్టి తోసి మూయవచ్చు. ఎకరానికి 8 కిలోల హైబ్రిడ్ విత్తనం, 60 సెంటీమీటర్ల సాళ్లు, సాలులో 20 సెంటీమీటర్ల దూరం అంటే 33 వేల పైచిలుకు గింజలు. విచ్చుకున్న సాళ్లను వదిలేసి తర్వాత ఖాళీలు పూడ్చినా, ఆలస్యంగా మొలిచిన ఆ మొక్కలు చేనులో కలుపు లెక్కే.

అద్దెకు వచ్చే డ్రైవరుకు డబ్బు ఎకరాల లెక్కన వస్తుంది, తవ్వి చూసే నిమిషాలకు కాదు. అతను తొందరపడటంలో తప్పేమీ లేదు, అతని బతుకు అది. అందుకని బేరం కుదిరినప్పుడే చెప్పండి: మొదటి ముప్పై మీటర్ల తర్వాత ట్రాక్టరు ఆగుతుంది, అన్ని వరసలూ తవ్వి చూశాకే రెండో సాలు, ఆ అరగంటకు విడిగా డబ్బిస్తాను అని. బొరిగె, టేపు, చాకు మీవే పట్టుకెళ్లండి.